మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది

(రోగుల కుటుంబ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



రొమ్ము క్యాన్సర్ ఆడవారి జబ్బు అని మనం అనుకుంటాం. కాని మగవారికీ రొమ్ములో కొద్దిపాటి కణజాలం ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరుమందిలో సుమారు ఒకరు మగవారు. అరుదు కనుక అనుమానం రాదు. అనుమానం వచ్చినా సిగ్గు అడ్డుపడుతుంది. ఈలోగా జబ్బు ముదురుతుంది.

ఇది ఎందుకు వస్తుంది? ఒక కారణం హార్మోన్లకు సంబంధించినది. మగ హార్మోను రక్తంలో ఉంటే చాలదు. దానిని అందుకునే రిసెప్టర్ కణంలో సరిగా ఉండాలి. ఉత్తరం వచ్చినా చదివేవారు లేకపోతే ఏం లాభం? ఈ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇద్దరు అన్నదమ్ములలో ఈ జన్యువు ఒకే విధంగా మారి ఉన్నట్లు 1992లో శాస్త్రజ్ఞులు తెలిపారు. పుట్టుకతోనే వారి మగ అవయవాల ఎదుగుదలలో లోపం ఉంది. మగవారికి ఎక్స్ క్రోమోజోమ్ తల్లి నుండి వస్తుంది. అది తల్లి తప్పు కాదు, ఆమెను నిందించకండి.

ఇటువంటి మార్పు బహు అరుదు. మగవారి రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే వంశపారంపర్య మార్పు బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులోనిది. అది తండ్రికి ఉంటే, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అది వచ్చిన కూతురికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. కనుక తండ్రి తన జబ్బు దాచితే, ముందుగా జాగ్రత్తపడే అవకాశం కూతురు పోగొట్టుకుంటుంది. సంబంధాలు చెడిపోతాయని దాచకండి. పరీక్ష విషయం డాక్టరుగారిని అడగండి.

మీ ఇంట్లో మగవారికి ఈ క్రింది లక్షణాలు ఉన్నాయేమో గమనించండి:

* చనుమొన వెనుక నొప్పిలేని గట్టి గడ్డ
* చనుమొన లోపలికి పోవడం, రసి లేక రక్తం కారడం
* చర్మం మీద మానని పుండు
* చంకలో గడ్డ

ప్రతి వాపూ క్యాన్సర్ కాదు. అది తేల్చవలసింది సూదితో ముక్క తీసి చేసే పరీక్ష. పసర్లు, పట్లు వేస్తూ రోజులు గడపకండి.

మగవారి రొమ్ము క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటికి ఆడ హార్మోను రిసెప్టర్ ఉంటుంది. వీరికి ఆపరేషన్ తరువాత సాధారణంగా టామాక్సిఫెన్ మాత్రలు అయిదేళ్ళపాటు ఇస్తారు. “ఇవి ఆడవాళ్ళ మందులు” అని రోగి మధ్యలో మానేయకుండా చూడవలసింది మీరే.

భయపడకండి. దాచకండి. ఆలస్యం చేయకండి.