పరీక్ష ముందా, సీసా ముందా?

నానో విజ్ఞానం మీద అధ్యక్షోపన్యాసాన్ని 1959 నాటి ఫైన్‌మన్ ప్రసంగంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇక్కడ కూర్చున్నవారికి ఆ పాఠం కంఠతా వచ్చు కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. 2001లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వేసిన చిన్న అడుగు 2007 నాటికి సి.ఎన్.ఆర్. రావు సారథ్యంలో వెయ్యి కోట్ల రూపాయల నానో మిషన్ అయింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులు వచ్చాయి, పరిశోధక విద్యార్థులు వచ్చారు, ప్రచురణల లెక్కలో చైనా, అమెరికాల సరసన భారత్ పేరు వినిపించింది. ఇవన్నీ నిజమైన విజయాలే.

2005లో టొరంటో విశ్వవిద్యాలయ బృందం 63 మంది నిపుణులను సంప్రదించి, వర్ధమాన దేశాలకు నానో ఏయే పనుల్లో అక్కరకొస్తుందో జాబితా వేసింది. ఇంధనం, సేద్యం, తాగునీరు మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. అయితే తయారైన వస్తువును ఎవరు, ఏ నేలలో, ఎన్ని పంటకాలాలు పరీక్షించాలన్నది వేరే ప్రశ్న. ఈ అధ్యక్షుడికి కొందరు స్నేహితులను దూరం చేసిన ప్రశ్న అదే. చాలా ఏళ్ల కిందట ఒక సదస్సులో ఆ మాట ఎత్తితే, "అది విస్తరణ విభాగం చూసుకుంటుందండీ" అని ఒక పెద్దాయన కొట్టిపారేశారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల ఫలితం 2021లో పొలాల్లోకి వచ్చింది. అప్పట్లో ఇఫ్కో నానో యూరియా అర లీటరు సీసా ధర 240 రూపాయలు. ఒక్క సీసా 45 కిలోల బస్తాకు సాటి అని ప్రచారం. సీసా మీద అప్పుడున్న అంకెలతో లెక్క కడితే చాలు. నాలుగు శాతం నత్రజని అంటే సీసా మొత్తంలో ఉన్నది 20 గ్రాములు. బస్తా యూరియాలో 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. తేడా వెయ్యి రెట్లు. టన్ను వడ్లు పండాలంటే పైరుకు 15 నుంచి 20 కిలోల నత్రజని కావాలి. కణం ఎంత చిన్నదై ఆకు రంధ్రాల్లోంచి ఎంత సులువుగా దూరినా, 20 గ్రాములు 20 కిలోలు కావు.

దాదాపు పదకొండు వేల పొలాల్లో, 94 పంటల మీద చూశామని, దిగుబడి సగటున ఎనిమిది శాతం పెరిగిందని ఇఫ్కో చెప్పింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రెండేళ్లు మడులు కట్టి చూశారు. నానో యూరియా పిచికారీ చేసి మామూలు యూరియా తగ్గించిన మడుల్లో గోధుమ 21.6 శాతం, వరి 13 శాతం తగ్గాయి. గింజలో నత్రజనీ తగ్గింది. 2023లో డెన్మార్క్‌కు చెందిన మాక్స్ ఫ్రాంక్, సోరెన్ హుస్టెడ్ ఇఫ్కో ప్రచారానికి శాస్త్రీయ ఆధారం చాలదని రాశారు. తర్వాత సీసాలో నత్రజని శాతం పెంచారు. పెంచినా బస్తాతో పోలిక కుదరదు. ఈలోగా బస్తా కావాలంటే సీసా కూడా కొనాలని దుకాణాల్లో లింకు పెట్టడం తెలుగు రైతులకు అనుభవంలోకి వచ్చింది.

పరీక్షలంటూ కూర్చుంటే పేద దేశం వెనకబడిపోతుందని ఈ సభలోనే వాదించేవారున్నారు. పంట పోతే నష్టం భరించేది ఆ పేదవాడేనన్న సంగతి వారి వ్యాసాల్లో ఎక్కడా కనబడదు.

తాగునీటిలో కథ కొంత మెరుగు. మద్రాసు ఐఐటీలో టి. ప్రదీప్ వెండి, బంగారు నానో కణాలతో పురుగుమందుల అవశేషాలను పట్టుకున్నారు. ఆ పని 2007 నాటికే ఇంటి ఫిల్టర్‌లోకి చేరింది. తర్వాత ఆయన బృందం ఆర్సెనిక్ మీదికి మళ్లింది. అక్కడ హద్దు స్పష్టం. లీటరుకు పది మైక్రోగ్రాములు దాటకూడదు. కుళాయి దగ్గర నీళ్లు పట్టి ఎవరైనా పరీక్ష చేయించవచ్చు.

అయినా నల్లగొండను మరవకూడదు. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి ఆ జిల్లా పేరే స్థిరపడి ఆఫ్రికా దాకా వెళ్లింది. పటిక ఎంత వెయ్యాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. అంటే ఊరూరా నీరు పరీక్షించే మనిషి, రోజూ కలిపే మనిషి, అడుగున చేరిన మడ్డిని తీసే మనిషి ఉండాలి. ఆ మనుషుల జీతాలు ఎవరూ లెక్కలో వెయ్యలేదు. చాలాచోట్ల ట్యాంకులు మూలపడ్డాయి. నానో ఫిల్టర్లకూ ఆ గతి పట్టకుండా చూసే పద్దు ఇప్పటి పథకాల్లో చూపించగలిగినవారికి ఈ వేదిక మీద స్వాగతం.

పొలాల్లోనూ ఇదే తీరు. లాం, మారుటేరు, జగిత్యాల వ్యవసాయ పరిశోధనా స్థానాల్లో ఎండలో నిలబడి పిలకలు లెక్కబెట్టే క్షేత్ర సహాయకుల పేర్లు వ్యాసాల్లో అరుదు. ఫలితం రాలేదన్న మడి లెక్క ఏ పత్రికా వేసుకోదు. ఆ రిజిస్టర్లు బీరువాల్లో చెదలు పడుతున్నాయి. 2020లో బయోటెక్నాలజీ విభాగం నానో వ్యవసాయ ఉత్పత్తుల మదింపుకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మార్గదర్శకాలుగానే మిగలడం చాలదు.

అందుకే మధ్యాహ్నం సమావేశం ముందు ఒక తీర్మానం ఉంచడమైనది. అమ్మేవారితో సంబంధం లేని విశ్వవిద్యాలయాలు కనీసం మూడు పంటకాలాలు, వేర్వేరు నేలల్లో పరీక్షించనిదే ఏ నానో ఎరువుకూ అమ్మకపు అనుమతి ఇవ్వకూడదు. మడి మడి లెక్కా, ఓడిపోయిన మడులతో సహా, తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టాలి. ఆ ఖర్చు పరిశోధన నిధుల నుంచే విడిగా కేటాయించాలి. సవరణలు ఉన్నవారు రెండు గంటలలోగా కార్యదర్శికి రాసి ఇవ్వాలని కోరడమైనది.