చలికాలంలోనూ గోమార్లు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కుక్కలను పెంచుకుంటున్న కొన్ని కుటుంబాల తరఫున నాలుగు మాటలు చెబుతాం. డిసెంబరులో మనలో చాలామంది ఇండియా వెళతాం. కుక్కను స్నేహితుల ఇంట్లో వదులుతూ గిన్నె, పరుపు, తిండి అన్నీ సర్దుతాం. గోమారి మందు మాత్రం "చలికాలమేగా" అని మానేస్తాం. మా మాటలన్నీ ఆ ఒక్క నెల గురించే.

మన ఊళ్ళలో గోమార్లంటే (పిడుదులని కూడా అంటాం) పశువుల చెవుల్లో, కుక్క మెడ మీద శనగగింజల్లా ఉబ్బి కనబడేవి. ఇక్కడి నల్లకాళ్ళ గోమారి అంత సులువుగా దొరకదు. పెద్దది నువ్వుగింజంత, పిల్ల గసగసాల గింజంత. పిల్లలు వేసవిలో కుడతాయి. పెద్దవి అక్టోబరు నుంచి, గడ్డకట్టే చలి లేని ఏ రోజైనా తిరుగుతాయి. న్యూజెర్సీలో జనవరిలోనూ అలాంటి రోజులు వస్తాయి. ప్లెయిన్స్‌బరో ప్రిజర్వ్ దాకా వెళ్ళక్కర్లేదు, పెరట్లో రాలిన ఆకులు చాలు. జింకలు అక్కడిదాకా వస్తూనే ఉన్నాయి కదా! ఆసియా నుంచి వచ్చిన మరో రకం గోమారి 2017లో బయటపడింది కూడా మనకు దగ్గర్లోని హంటర్‌డన్ కౌంటీలోనే, ఒక గొర్రె మీద.

లైమ్ జబ్బు కుక్కలో వెంటనే బయటపడదు. కుట్టిన కొన్ని నెలలకు కుంటుతుంది, జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది. కొన్నిటికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కుక్క నుంచి మనకు నేరుగా అంటదు గానీ, దాని బొచ్చులో వచ్చిన గోమారి సోఫా మీద కూర్చున్న బామ్మగారిని కుట్టగలదు.

లైమ్ క్రిమి ఒంట్లోకి చేరడానికి సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది. అందుకే రోజూ నడక అయ్యాక చెవులు, చంకలు, వేళ్ళ సందులు, పట్టీ కింద తడిమి చూడండి. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దే వద్దు.

లైమ్‌కు కుక్కలకు టీకా ఉంది, కానీ గోమార్లు తెచ్చే మిగతా జబ్బులను అది ఆపదు. కనుక ఏడాది పొడవునా మందు వాడాల్సిందే. మూర్ఛ వచ్చే కుక్కయితే డాక్టరుకు ముందే చెప్పండి, కొన్ని మాత్రలు దానికి పడవు.

ఊరెళ్ళేటప్పుడు మందు తేదీ కాగితం మీద రాసి, మాత్ర కూడా చేతికిచ్చి వెళ్ళండి. చుక్కల మందయితే వాళ్ళింట్లో పిల్లి ఉందేమో అడగండి. కుక్కలకు వేసే పెర్మెత్రిన్ పిల్లికి విషం.