మార్లవాయి నేర్పిన పాఠము

ఉద్యోగ మిచ్చుట యొక యెత్తు; ఉద్యోగిని తీర్చిదిద్దుట మరియొక యెత్తు.

1940లో జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన పిదప, గోండుల కష్టములను తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫును నియోగించెను. కాగితము చదువలేనివాని భూమి కాగితముతోనే పోవుచుండెను. అందుచే 1943లో ఉట్నూరు ప్రాంతమందలి మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. పండితులకై వెదకక, కొద్దిపాటి అక్షరజ్ఞానము గలవారినే చేరదీసి తర్ఫీదు నిచ్చిరి. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధమయ్యెను. తర్ఫీదైనవారు తమ గూడెముల పిల్లలకు తల్లిభాషలోనే అక్షరములు దిద్దించిరి. తమవాడే గురువైనచోట పిల్లవానికి బెరుకేల?

బడికిగాని, కచేరికిగాని, ఈ గ్రంథాలయమునకుగాని పనివానిని వెదకునపుడు, నేర్చినవాడు దొరకలేదని నిట్టూర్చకుడు. ఊరివానికే నేర్పుడు.