సర్కారు కూడా ఒక 'వ్యక్తే'!
(ప్రసంగ పాఠం)



అనంతగిరి మండలం నిమ్మలపాడులో ఆదివాసీల కొండలను ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకిచ్చింది ఎవరు? 1/70 చట్టాన్ని కాపాడాల్సిన సర్కారే! 'సమత' సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఆ చట్టం ముందు సర్కారు కూడా ఒక 'వ్యక్తే'. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులు చెల్లవు.

అంతటితో ఆగారా? ప్రభుత్వ సంస్థలకు తీర్పులో ఉన్న వెసులుబాటును అడ్డం పెట్టుకున్నారు. రాష్ట్రం విడిపోయాక, 2015లో జీవో 97 తెచ్చి చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ కోసం ఖనిజాభివృద్ధి సంస్థకు కట్టబెట్టారు. మన్యం తిరగబడింది. 2019లో ఆ జీవో రద్దయింది.

రాష్ట్రం పాతదైనా కొత్తదైనా కొండ మీద సర్కారు కన్ను మారదు. తీర్పును కాపాడుకోవాల్సింది ప్రజలే. గద్దె మీద ఎవరున్నా నిలదీద్దాం: గ్రామసభను అడిగారా?