బల్లి గ్రుడ్లు - వాని సంరక్షణము

(రాయపురమున మన సంఘ వారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతికి ముందు ఇంటికి సున్నము వేయించునపుడును, గోడమీది పటములు దింపి తుడుచునపుడును, తెల్లని చిన్న గ్రుడ్లు రెండు కనబడుట మన రాయపురములోని పాత ఇండ్లవారికి క్రొత్త కాదు. గడియారము వెనుకను, తలుపు చట్రముల సందులలోను, మద్రాసు మిద్దెల దూలముల మధ్యను అవి యుండును. పెద్దలు చీపురుతో ఊడ్చివేయుమందురు. పిల్లలు అగ్గిపెట్టెలో దాచి జేబులో వేసికొని తిరుగుదురు. ఈ రెంటిలో ఏది చేసినను గ్రుడ్డులోని ప్రాణము నిలుచుట కష్టము. మరి చేయవలసినదేమి? అది చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిని.

బల్లితో మనకు గల సంబంధము చిత్రమైనది. సంస్కృతమున దానికి గృహగోధిక యనియు, కుడ్యమత్స్యమనియు పేళ్లు కలవు. గోడమీది చేప యనుట ఎంత చక్కని పేరు! మన పంచాంగములలో బల్లిపాటు ఫలములకు ప్రత్యేకముగా పుట కేటాయింతురు. కంచి వరదరాజస్వామి కోవెలకు పోయినవారు పైకప్పునందలి బంగారు బల్లిని, వెండి బల్లిని చేతితో తాకి గాని తిరిగిరారు. కంచిలో తాకి కన్నుల కద్దుకొనిన చేయియే ఇంటికి వచ్చి దాని గ్రుడ్లను చిదుముట న్యాయమా?

బల్లి విషజంతువను భయము మనలో చాలమందికి కలదు. మన ఇంటి బల్లికి విషము లేదు. అయితే దాని రెట్టలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. ఆహారము దానివలన చెడును గాని విషము వలన కాదు. కావున వంటపాత్రలపై మూత యుంచవలెను. గ్రుడ్డును ముట్టిన పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. భయము స్థానమున ఈ పాటి శుభ్రత చాలును.

ఇక గ్రుడ్డు సంగతి. ఇంటి బల్లి సాధారణముగా ఒక ఈతకు రెండు గ్రుడ్లు పెట్టును. పెట్టినపుడు పెంకు మెత్తగా నుండి, గాలి తగిలిన కొలదిసేపటికే సున్నపు పెంకు వలె గట్టిపడును. తల్లి పొదుగదు. ఇంటిలోని వేడిమియే పొదుగును. మన పట్టణపు వాతావరణమున సుమారు ఆరు మొదలు ఎనిమిది వారములలో పిల్ల వెలువడును. పుట్టిన నాటినుండియే అది తన ఆహారమును తాను వెదకుకొనును.

ఇచ్చట ముఖ్యమైన సూక్ష్మమొకటి కలదు. కోడి తన గ్రుడ్లను దినమునకు పలుమారులు త్రిప్పుచుండును. అది చూచి బల్లి గ్రుడ్లను గూడ త్రిప్పవలెనని కొందరు తలంతురు. ఇది పొరపాటు. బల్లి గ్రుడ్డులోని పిండము కొలదికాలమునకే పైభాగపు పొరకు అంటుకొనును. అటుపిమ్మట తలక్రిందు చేసినచో అది చచ్చిపోవచ్చును. అగ్గిపెట్టెలోని గ్రుడ్లు పగులకపోవుటకు కారణము చాలవరకు ఈ కుదుపే.

కావున గ్రుడ్లు కనబడినచో మొదటి పని వానిని ఉన్నచోటనే యుంచుట. సున్నమువాండ్రు ఆ మూల విడిచి, రెండు నెలల పిమ్మట వేయవచ్చును. గోడకు అంటుకొన్నదానిని పెరికినచో పెంకు పగులును. తప్పనిసరిగా తీయవలసి వచ్చినపుడు, పైకి ఉన్న వైపున మెత్తని పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే యుండునట్లు ఎత్తవలెను. ఒక చిన్న డబ్బాలో పొడి ఇసుక పోసి, అందులో కొంచెము గుంటచేసి, దానిలో నుంచవలెను. మూతకు సన్నని రంధ్రములు చేయవలెను. ఎండ తగులని, చీమలు చేరని చోట పెట్టవలెను. గట్టి పెంకు గ్రుడ్లపై నీరు చల్లరాదు. పిల్ల వెలువడిన సాయంకాలమే దీపము దగ్గరి గోడపై విడువవలెను.

ఈ నడుమ కొందరు పిల్లలు విదేశములలో పెంచు చిరుత బల్లులను గూర్చి అడుగుచున్నారు. దాని గ్రుడ్డు తీరు వేరు. పెంకు తోలువలె మెత్తగా నుండి తేమను పీల్చుకొనును. పొడి ఇసుకలో నుంచినచో సొట్టపడి నశించును. తడిపి పిండిన వర్మికులైట్‌లో సగము మునుగునట్లు నుంచుట పెంపకందార్ల పద్ధతి. దానిలో ఆడయో మగయో నిర్ణయించునది వేడిమియే. 26 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాదాపు అన్నియు ఆడవి. 32 - 33 డిగ్రీల వద్ద ఎక్కువగా మగవి. 34 డిగ్రీలకు మరల ఎక్కువగా ఆడవి పుట్టును. మన సముద్రతీరమున గ్రుడ్లు పెట్టు తాబేళ్లకును వేడిమియే లింగమును నిర్ణయించును. 1988 నుండి మన పట్టణపు విద్యార్థులు రాత్రులు ఇసుకలో నడచి ఆ తాబేలు గ్రుడ్లను కాపాడుచున్నారు. వారును గ్రుడ్లను కుదుపక మోసికొనిపోయి, కంచె వేసిన ఇసుక గుంటలలో పెట్టుదురు.

మన తెలుగుసీమలో కనబడు బల్లి మరియొకటి కలదు. శేషాచలపు కొండలలోని బంగారు బల్లిని 1870లో బెడ్డోము దొర శాస్త్రలోకమునకు తెలిపెను. తరువాత శతాబ్దమునకు పైగా దాని జాడ చాల అరుదయ్యెను. అది తూర్పు కనుమలలో తిరిగి కనబడినదన్న వార్త 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో వెలువడెను. పెక్కు ఆడబల్లులు ఒకే బండ సందున గ్రుడ్లు పెట్టుట దాని యలవాటు. అట్టి యొక్క సందు చెడినచో ఎన్నో తల్లుల సంతతి ఒక్కసారిగా నశించును. అది వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినది. 1972 నాటి ఆ చట్టములో వేట యను మాటకు, వన్యములైన ప్రాకెడు జంతువుల గ్రుడ్లను పాడుచేయుటయు, కదల్చుటయు గూడ అర్థముగా చెప్పబడినది. కొండకు పోయినప్పుడు ముచ్చటపడి ఒక్క గ్రుడ్డునైనను తేరాదని పిల్లలకు చెప్పుడు. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు నమోదు చేయించుకొనవలెనని 2022 నాటి సవరణ చెప్పుచున్నది. ఏ బల్లినైనను కొనుటకు ముందు అటవీశాఖవారిని అడుగుట మేలు.

పెంచవలెనను కోరిక పిల్లలలో కలుగుట మంచిదే. దానిని తిట్టి అణపరాదు. కొన్న జంతువు అక్కరలేకయే అది తీరును. పటము వెనుక గ్రుడ్లు కనబడిన దినమును గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టించుడు. ముట్టక, దూరమునుండి దినమునకొకసారి చూడుమనుడు. పిల్ల వెలువడిన దినమును వ్రాయించి, నడుమ ఎన్ని దినములు గడచెనో లెక్కింపుమనుడు. మన వీధిలో పాత ఇండ్లు ఒక్కొక్కటిగా పడిపోవుచున్నవి. ఉన్న గోడలపైనైనను ఈ చిన్న ప్రాణులకు చోటు మిగులవలెను. రాబోవు భోగికి చీపురు పట్టుటకు ముందు పటముల వెనుక ఒకసారి చూడుడని నా ప్రార్థన. ఆ లెక్కలు వ్రాసి తెచ్చిన పిల్లలను ఈ కూటమిలోనే నిలువబెట్టి చదివింతము.