నోరు విప్పిన బేరం



నీళ్లలో గేదెను బేరమాడినట్లు అని మన పెద్దలు ఒక మాట అంటూ వుంటారు. మడుగులో పడుకున్న గేదెకు తలా కొమ్ములూ మాత్రమే పైకి కనిపిస్తాయి. పొదుగు ఎట్లా వున్నదో, కాలు కుంటో కాదో అమ్మేవానికి తెలుసు, కొనవచ్చినవానికి తెలియదు. ఆలోచించి చూస్తే, గట్టుమీద నిలబెట్టిన పశువు కూడా సగం నీళ్లలో వున్నట్టే. అది ఎండలో రొప్పుతుందా, కొత్త చేతికి పాలు చేపుతుందా, నిరుడు ఈసుకుపోయిందా? సంతలో నిలబడి చూసే పది నిమిషాలలో ఇవేవీ కంటికి ఆనవు. అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియాలంటే నడుమ వున్న దారి మాట ఒక్కటే. ఈవేళ ఆ మాటను గురించే మీతో ముచ్చటిస్తాను.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. మన దేశంలో కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. నేటికీ అమలులో వున్నది. దానిలో 17వ సెక్షను మోసమంటే ఏమిటో చెబుతుంది. తెలిసిన లోపాన్ని చెప్పకుండా వూరుకుంటే అది మోసమా, కాదా అనే ప్రశ్న అక్కడ వస్తుంది. దీనికి ఉదాహరణ కావలసివచ్చి, చట్టం రాసినవారు ముందుగా గుర్రపు బేరాన్ని తెచ్చుకున్నారు. ఆ రోజులలో ప్రయాణానికీ పటాలానికీ గుర్రమే ఆధారం గదా!

ఆ ఉదాహరణలు వినదగినవి. ఒకడు వేలంపాటలో తన గుర్రాన్ని అమ్మాడు. దానికి లోపమున్నదని అతనికి తెలుసు. కొన్నవానితో ఏమీ చెప్పలేదు. ఇది మోసం కాదంటుంది చట్టం. ఇక రెండవది. కొన్నది ఆ అమ్మినవాని కూతురే, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అక్కడ మాత్రం లోపం చెప్పవలసిన బాధ్యత తండ్రిమీద వున్నది. మూడవ ఉదాహరణ మనకు ముఖ్యం. కొనేవాడు ముందుగానే అన్నాడు: నీవు కాదనకపోతే ఈ గుర్రం ఏ లోపమూ లేనిదనే అనుకుంటాను, అని. అమ్మేవాడు పలకలేదు. అప్పుడు ఆ పలకకపోవడమే పలికినదానితో సమానం అంటుంది చట్టం.

చూశారా, ఎంత తేడా వచ్చిందో! గుర్రం అదే, లోపం అదే, అమ్మేవాని మౌనమూ అదే. కొనేవాడు నోరు విప్పి ఒక్క మాట అనడంతో న్యాయం అతని వైపు తిరిగింది. సంతలో మనం పశువు నోరు విప్పి పళ్లు చూస్తాము గాని, మన నోరు విప్పడం మాత్రం మరచిపోతాము.

అయితే ఒక సంగతి. అడిగితే చాలు, చూడనక్కరలేదని అనుకోకండి. అదే చట్టంలో 19వ సెక్షను మరొక మెలిక పెట్టింది. అవతలివాడు చెప్పకుండా దాచిన లోపమైనా, మామూలు జాగ్రత్తతో చూస్తే మీకే తెలిసేదైతే, ఆ పేరు చెప్పి బేరం రద్దు చేసుకోవడానికి వీలుండదు. కావున కంటికి కనిపించేది చూడాలి, కనిపించనిది అడగాలి, చెప్పినది రాసుకోవాలి. ఈ మూడింటినీ వరుసగా చెప్పుకుందాం.

ముందు చూడవలసినది. పశువులకు పైదవడ ముందుభాగాన పళ్లు వుండవు. కింది దవడకు ఎనిమిది వుంటాయి. నాటు పశువులకు సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి జత పాలపళ్లు పోయి పెద్దపళ్లు వస్తాయి. మూడేళ్ల ప్రాంతంలో నాలుగు పళ్లు, నాలుగేళ్ల ప్రాంతంలో ఆరు, అయిదేళ్లు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. గేదెలకు ఇంతకంటే కొంచెం ఆలస్యం. ఆ తరువాత పళ్ల అరుగుదలను బట్టి వయసు అంచనా కట్టాలి. కొమ్ముల వలయాలు కూడా వయసు చెబుతాయి గాని, వాటిని ఆకురాయితో నునుపు చేసే ఘనులు వున్నారు. కొమ్ము మరీ నున్నగా వుంటే అనుమానించండి.

గుర్రాలలోనూ ఇదే తంతు. మన తెలంగాణ సరిహద్దున నాందేడు జిల్లా మాళేగావులో జరిగే ఖండోబా జాతరలో నేటికీ గుర్రాల బేరాలు సాగుతాయి. గుర్రం ముందుపళ్ల మీద చిన్న గుంటలుంటాయి. వయసు మీరేకొద్దీ అవి అరిగి పూడిపోతాయి. ముసలి గుర్రం పళ్లను తొలిచి, ఆ గుంటలో నలుపు పెట్టి పడుచుదిగా చూపే విద్య దేశదేశాల్లో పాతదే. మోసానికి భాష అడ్డు కాదు సుమా!

పాడిపశువు విషయంలో పొదుగును చూసి మురిసిపోకండి. ఒక పూట పాలు పిండకుండా ఆపి తెస్తే ఏ పొదుగైనా నిండుగానే కనిపిస్తుంది. మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోవద్దు. మీ ఎదుట వరుసగా మూడు పూటలు పిండించి, తరువాతి రెండు పూటల పాలనే కొలతగా తీసుకోండి. నాలుగు చన్నులనుంచీ ధార సమంగా రావాలి. ఒక పూటయినా మీరే పిండి చూడండి. దూడను గమనించండి. ఎవరిదో పసిదూడను పక్కన కట్టి, నిన్న మొన్న ఈనిందని చెప్పేవారు లేకపోలేదు. తల్లి దానిని నాకుతుందా, తంతుందా అన్నది చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

దుక్కిటెద్దునైతే గట్టినేల మీద నడిపించండి. కాడి వేసి నాలుగు చాళ్లు దున్నించండి. వలపటకు అలవాటైనదా, దాపటకా అన్నది అప్పుడే తేలుతుంది. గాలికుంటు వచ్చి తగ్గిన పశువులలో కొన్ని ఎండపొద్దున పని చేయలేక రొప్పుతాయి. చల్లని వేళ సంతలో నిలబెడితే ఆ లోపం ఎవరికీ కనబడదు. అందుచేత ఎండపూటే చూడాలి.

ఇక అడగవలసినది. ఇక్కడే మన రైతులు మొగమాటపడతారు. పెద్దమనిషిని పట్టుకొని లోపాలేమిటని అడగడమా అని సంకోచం. ఒక సంతలో ఇట్లాంటి సంభాషణ జరుగుతున్నదనుకోండి.

"పెద్దాయనా, ఇది ఎన్నో ఈత?"

"మూడో ఈత నాయనా."

"పూటకు ఎన్ని లీటర్లు ఇస్తున్నది?"

"చూసుకో నాయనా, పొదుగు కనబడటంలా?"

"కొత్తవాళ్లు పిండితే ఇస్తుందా?"

"మా ఇంటి లక్ష్మి నాయనా ఇది. ఆడపిల్ల పెళ్లికని అమ్ముతున్నానుగాని, లేకపోతే గడప దాటిస్తానా?"

మూడు ప్రశ్నలు అడిగాడు, జవాబు ఒక్కదానికే వచ్చింది. తక్కిన రెండూ జవాబులు కావు. పొదుగు చూసుకోమనడం లీటర్ల లెక్క కాదు. ఇంటి లక్ష్మి అనడం కొత్త చేతికి చేపుతుందని చెప్పడం కాదు. ఆ పెద్దాయన అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. అట్లాంటప్పుడు కోపం తెచ్చుకోనక్కరలేదు. అదే ప్రశ్నను మర్యాదగా మళ్లీ అడగాలి. చివరకు ఇద్దరు పెద్దమనుషులు వింటూవుండగా ఇట్లా అనాలి: "పెద్దాయనా, మీరు కాదనకపోతే, ఇది ఇంజెక్షను లేకుండా కొత్త చేతికి చేపుతుందనీ, తన్నదనీ, లోగడ పొదుగువాపు రాలేదనీ, ఈసుకుపోలేదనీ నమ్మి కొంటున్నాను." ఆ మాట అన్నాక నిజాయితీపరుడు, "ఒక్క సంగతి నాయనా..." అని తానే మొదలుపెడతాడు. ఆ ఒక్క సంగతి కోసమే మనం ఇంత దూరం వచ్చింది.

ఈ మధ్య మనవాళ్లు ముర్రా గేదెల కోసం హర్యానా దాకా వెళుతున్నారు. ఒక్కొక్కటి లక్ష రూపాయలు దాటే బేరం. అందులోనూ అప్పు తెచ్చిన డబ్బు. అక్కడి అమ్మకందారు మాట మనకు రాదు, మన మాట అతనికి రాదు. నడుమ దళారి ఏది చెబితే అదే వేదం. భాష తెలిసిన మనవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకొనిపోవడానికయ్యే ఖర్చు దండుగ కాదు. ఫోనులో వీడియో చూసి బయానా పంపడం మరీ ప్రమాదం. ఆ వీడియోలో అమ్మేవాడు చూపదలచినదే కనిపిస్తుంది. అది నీళ్లలో గేదె కంటే మేలేమీ కాదు.

దళారీలందరూ చెడ్డవారని నేననను. పశువు గుణం ఎరిగి, ఇరుపక్షాలకూ మాట కుదిర్చేవారున్నారు. కాని తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పే పద్ధతి వున్నదే, దానిలో కొనేవాని చేతికి ఒక లెక్క, అమ్మేవాని చేతికి మరొక లెక్క అందే వీలున్నది. తువ్వాలు తీసివేయమనండి. ధర ఎంతో, దళారి కూలి ఎంతో, అది ఎవరు ఇవ్వాలో ముగ్గురూ ఒకచోట నిలబడి పైకి అనుకోండి.

మూడవది రాసుకోవడం. ఒక చీటీ చాలు. తేదీ, ఇద్దరి పేర్లు, ఊళ్లు, పశువు ఆనవాళ్లు, ధర, ఎన్నో ఈత, పాల కొలత, చెప్పిన లోపాలు, లేవని చెప్పిన లోపాలు, తేడా వస్తే ఎన్ని రోజులలో తిరిగి తీసుకొనేది. కింద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు. పశువు చెవికి పసుపుపచ్చని పోగు వుంటే దానిమీది 12 అంకెల నంబరు తప్పక రాయండి. ఆ నంబరు కింద నమోదైన టీకాలు, ఎద కట్టించిన వివరాలు పశువైద్యశాలలో చూసి చెప్పగలరు.

ఇంతసేపూ కొనేవారికి చెప్పాను. ఇక అమ్మే రైతుకు ఒక మాట. లోపం చెబితే ధర తగ్గుతుందని మీ భయం. అది నిజమే, ఆ పూటకు కొంత తగ్గుతుంది. కాని ఎవరూ లోపం చెప్పని సంతలో ఏం జరుగుతుంది? కొనేవాడు ప్రతి పశువునూ అనుమానించి, మంచిదానికి కూడా చెడ్డదాని ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు గిట్టక మంచి పశువున్నవాడు ఇంటికి తోలుకుపోతాడు. చివరకు సంతలో చెడ్డవే మిగులుతాయి. జార్జి అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఈ సంగతే వివరించాడు. ఆ తరహా కృషికే 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానం పొందాడు. మన సంతలలో తిరిగే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పకుండానే అనుభవంలో వున్నదే.

కాబట్టి లోపం దాచినవాడు అవతలి రైతు ఒక్కణ్ణే ముంచడం లేదు. రేపు తన మంచి గేదెను అమ్మబోయినప్పుడు వచ్చే ధరకు తానే గండి కొట్టుకుంటున్నాడు. పాలివ్వని గేదెను అంటగడితే ఆ కొన్న ఇంట్లో అప్పు వాయిదా ఆగిపోతుంది, పిల్లల పాలు ఆగిపోతాయి. "దీనికి ఎడమ వెనక చన్ను కాస్త సన్నధార, ధర అందుకు తగ్గించే చెబుతున్నాను" అని అనగలిగిన రైతు పేరు పది ఊళ్లకు పాకుతుంది. మరుసటేడు అతని కొట్టం దగ్గరికే జనం వెతుక్కుంటూ వస్తారు. అతడు సంతకు తోలుకుపోయే శ్రమా వుండదు, దళారి కూలీ వుండదు.

ఈసారి మీరు పశువును కొనబోయినా, అమ్మబోయినా పలుపు చేతులు మారకముందే నోరు విప్పండి. పలుపు చేతులు మారినాక వచ్చే మాటలు తగాదాకే గాని, తీర్పుకు పనికిరావు.