పిల్లల బంతియాట – తల్లి చోటు, తండ్రి చోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మహాభారతము ఆదిపర్వమున కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టము మీరెరుగనిది కాదు. ద్రోణాచార్యుడు రంగమధ్యమున నిలిచి శిష్యుల నేర్పును చూపించెను. కుంతీగాంధారులు ప్రేక్షకస్థానమున కూర్చుండిరి. కర్ణుని చూచి కుంతి మూర్ఛిల్లెను. కని పెంచిన తల్లికి ఆ రంగమున చూచుటయే గాని నేర్పుటకు చోటు లేదు. ఇది ద్వాపరయుగము నాటి మాట. నేటి అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్ మైదానమున ఎట్లున్నదో విచారింతము.

ఆ దేశమున ఈ యాటను సాకర్ అందురు. 1964లో కాలిఫోర్నియాలో పిల్లల కొరకు అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అను సంస్థ ఏర్పడెను. దాని శిక్షకులు జీతగాండ్రు కారు. పెక్కురు పిల్లల తల్లిదండ్రులే. ప్రభుత్వధనము పొందు విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము కూడదని 1972లో ‘టైటిల్ నైన్’ అను చట్టము వచ్చెను. పిదప బాలికలు లక్షలుగా ఆటకు వచ్చిరి. 1991లో మొట్టమొదటి మహిళా ప్రపంచకప్పును ఆ దేశపు స్త్రీలే గెలిచిరి. కూతురు మైదానమున అడుగుపెట్టినది. మరి తల్లియో?

మైకేల్ మెస్నర్ అను సమాజశాస్త్రజ్ఞుడు లాస్ ఏంజెలెస్ ప్రాంతమున పిల్లల జట్లను ఏండ్ల తరబడి పరిశీలించి 2009లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన చూచిన సాకర్ ప్రధాన శిక్షకులలో స్త్రీలు నూటికి సుమారు 13 మంది. వారును ఎక్కువగా పసిపిల్లల జట్లకు, బాలికల జట్లకు. ఫలహారముల వంతులు, కబురులు, కానుకల చందాలు చూచు ‘జట్టు తల్లి’ మాత్రము దాదాపు ఎల్లప్పుడును స్త్రీయే.

స్త్రీలు రావలదని ఎవరును శాసింపలేదు. శిక్షణ యనగా తండ్రుల ముఖము చూచుదురు. ఫలహారమనగా తల్లుల ముఖము చూచుదురు. అంతే. తండ్రులకు అనుభవము కలదందురా? పలువురు బాల్యమున ఆ యాట ఎరుగనివారే. చదివి, విని నేర్చుకొనిరి. ఆడి పెరిగిన తల్లులు సైతము ఒడ్డుననే నిలిచిరి. కనుక కొదువ పడినది నేర్పు కాదు, పిలుపు.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక మాట. పద్దులోనికెక్కని పని జరుగని పనిగా కనబడును. 1996 అధ్యక్ష ఎన్నికలలో ‘సాకర్ తల్లుల’ వోట్లకై రెండు పక్షములును పోటీపడినవి. వోటునకు అంత విలువ గల తల్లి చేతికి మైదానమున ఈల దక్కుట అరుదు. నష్టము తల్లికే కాదు. ఆజ్ఞ తండ్రిది, సేవ తల్లిది అను పాఠమును పిల్లలు బంతితోపాటు నేర్చుకొందురు.

ఇది పరదేశపు గొడవ యని తలపకుడు. నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య భారతజట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ జట్టున చేరినది. మన బడి ఆడపిల్లలును రేపు బంతి అడిగెదరు. అప్పుడు ఎవరు నేర్పవలెను?

నా మనవి ఒక్కటే. ఈ గ్రంథాలయము ఆటల నియమముల పుస్తకములు తెప్పించి, వానిని మొదట తల్లుల చేతికీయవలెను. అక్కడి తండ్రులు చదివి నేర్చినది మన తల్లులు చదివి నేర్వలేరా? ఆటల సంఘమున వారికి సగము స్థానములీయవలెను. ఫలహారముల వంతు తండ్రులు చూతురు గాక.

సెలవు.